పసిబిడ్డతో తీర్థయాత్ర

తీర్థయాత్ర గృహస్థునకు ఒక వ్రతము. అలవాటుపడిన పడకను, వేళకు దొరకు భోజనమును, ఊరిలో తనకు గల గౌరవమును కొన్ని దినములు ప్రక్కనబెట్టి, వేలమందిలో ఒకడై నిలిచి స్వామిని చూచి వచ్చుటలో గొప్ప శిక్షణ ఉన్నది. ఆ శిక్షణయే యాత్రాఫలములో సగభాగము. అయితే గృహస్థుడు ఒంటరిగా బయలుదేరడు. వేసవి సెలవులు వచ్చినవనగా ఇంటిల్లిపాదియు కదలును. ముసలివారు, నడివయస్సువారు, బడిపిల్లలు, వారితోపాటు తల్లి చంకలో ఒక పసివాడు. యాత్ర ఎందులకో తక్కినవారందరికిని తెలియును. ఆ పసివానికి మాత్రము తెలియదు. అతడు మ్రొక్కుకొనలేదు. వ్రతము పట్టలేదు. తన పుట్టువెండ్రుకలు ఎవరికి సమర్పించుచున్నారో ఎరుగడు. అయినను దారిలోని ఎండయు, ఆకలియు, నిద్రలేమియు అందరికంటె ముందుగా తగులునది అతనికే.

ఇందుండి ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. పెద్దలు పట్టిన వ్రతమునకై పసివాని శరీరము ఎంతవరకు శ్రమపడవచ్చును? మ్రొక్కునకును బిడ్డ అవసరమునకును పొత్తు కుదరనపుడు ఏది ముందు, ఏది వెనుక? వినుటకు ఇది చిన్న ప్రశ్న. కాని బిడ్డతో కొండకు వచ్చు కుటుంబమునకు ఏదో ఒక గడియలో ఇది ఎదురుపడక మానదు.

తెనాలి ప్రాంతపు పల్లెనుండి ఒక కుటుంబము తిరుమలకు వచ్చినదనుకొనుడు. భార్యాభర్తలు, భర్త తల్లి, మూడవ యేడు నడచుచున్న కుమారుడు. ఆ పిల్లవాడు నెలలు నిండకుండ పుట్టి పదునైదు దినములు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఎవరును ముట్టుకొనరాదన్నారు. నాయనమ్మ అద్దమునకు ఇవతల నిలబడి మ్రొక్కుకొన్నది. "స్వామీ! వీడు దక్కితే వీడి మొదటి జుట్టు నీకు. కొండకు వచ్చి, ధర్మదర్శనం వరుసలో నిలబడి, వీణ్ణి నీకు చూపించిన తరువాతే నా నోట్లో అన్నం ముద్ద పెట్టుకుంటాను." పిల్లవాడు దక్కినాడు. మొదటి సంవత్సరము అతడు బలహీనుడని ప్రయాణము మానిరి. రెండవ సంవత్సరము తాతగారు గతించుటచే ఏటిసూతకమని కొండ ఎక్కలేదు. ఏడాది నిండని శిశువుల తల్లిదండ్రులకు సుపథము మార్గమున గల దర్శనసౌకర్యము ఈ పిల్లవానికి అందని వయస్సు వచ్చినది. మూడవ యేడు దాటరాదని ఈ వేసవిలో బయలుదేరిరి.

ఉదయము కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించిరి. పిల్లవాడు కొంత ఏడ్చి, తల్లి ఒడిలో కుదురుకొన్నాడు. గుండునకు గంధము పూసిరి. పది గంటలకు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ప్రవేశించిరి. దేవస్థానమువారు పంచిన పాలు పిల్లవాడు సగము త్రాగి సగము ఒలకబోసినాడు. మధ్యాహ్నము అన్నప్రసాదము వచ్చినపుడు రెండు ముద్దలు తిని మూతి త్రిప్పుకొన్నాడు. సాయంకాలమునకు ఒళ్ళు వెచ్చబడినది. ఒకసారి వాంతి అయినది. తరువాత ఏడుపును మాని, కండ్లు మూసుకొని తల్లి భుజముపై వ్రాలినాడు.

"అత్తయ్యగారూ, ఒళ్ళు కాలిపోతోంది. బయటికి వెళ్ళి డాక్టరుకు చూపిద్దాం" అన్నది కోడలు.

"ఇంకొక గేటు తీస్తే స్వామి ముందు ఉంటాం. ఇంత దూరం వచ్చి మొక్కు చెల్లకుండా వెనక్కు తిరుగుతామా? వీణ్ణి బతికించినవాడు ఆయనే గదమ్మా!" అన్నది అత్తగారు.

భర్త ఇద్దరి ముఖములను చూచి ఏమియు పలుకలేకపోయినాడు.

ఆ పెద్దామె మాటను మూఢత్వమని త్రోసివేయుట తేలిక. కాని అది న్యాయము కాదు. ఆమె స్వార్థముతో ఆ మాట అనలేదు. ఉదయమునుండి ఆమె అన్నము ముట్టలేదు. మ్రొక్కు తీర్చకుండుట ఆమె దృష్టిలో ఋణము ఎగవేయుట. మనుష్యులకు ఇచ్చిన మాటనే తప్పరాదన్నపుడు, ప్రాణభయములో దేవునికి ఇచ్చిన మాటను ఎట్లు తప్పుట? బిడ్డను రక్షించినవాని వాకిటికి వచ్చి, బిడ్డకొరకే వెనుదిరుగుట ఆమెకు అపనమ్మకమువలె తోచినది. పూర్వులు ఇంతకంటె కష్టముమీదనే వచ్చిరని కూడ ఆమె ఎరుగును. మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడినది 1944లో, రెండవది 1974లో. అంతకు పూర్వము కొండ ఎక్కదలచినవారు కాలినడకననో డోలీలోనో ఎక్కవలసినదే. ఆ కాలపు తల్లులును బిడ్డలను చంకనెత్తుకొనియే కదా ఎక్కిరి? ఈ వాదములో బలము లేకపోలేదు. నాలుగు గంటల అసౌకర్యమునకు ఓర్వలేని భక్తి ఏపాటి భక్తి?

ఇచ్చట తపస్సనగా ఏమియో విచారింపవలెను. తపస్సనగా ఒకడు ఎరిగి, ఇష్టపడి, తన శరీరమును శ్రమపెట్టుట. ఎరుకయు ఇష్టమును లేనిచోట శ్రమ మిగులును గాని తపస్సు మిగులదు. నాయనమ్మ ఉపవాసము తపస్సు. మనుమని ఆకలి వట్టి ఆకలియే. ఇద్దరును ఒకే వరుసలో, ఒకే గడియలో, ఒకే స్వామికొరకు నిలిచియుండవచ్చును. అయినను ఆమె నిలిచినది, అతడు నిలుపబడినాడు. తపస్సు తాను చేయదగినదే కాని ఇతరులచే చేయింపదగినది కాదు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున, శరీరమునందలి భూతసమూహమును, అందు అంతర్యామిగానున్న తన్నును కృశింపజేయు ఘోరతపస్సును గీతాచార్యుడు ఆసురమని నిరసించెను. తన శరీరము విషయముననే ఇంతటి హెచ్చరిక ఉన్నపుడు, నోరులేని మరియొకరి శరీరము విషయమున ఎంతటి జాగ్రత్త వలయునో వేరుగ చెప్పనక్కరలేదు.

ధర్మశాస్త్రములు కఠినములని చాలమంది తలంపు. కాని బిడ్డల విషయమున అవి ఎంత మెత్తనివో చూడదగును. ఉపనయనమునకు పూర్వము బాలుడు తన ఇచ్చవచ్చినట్లు నడచినను, మాటలాడినను, తినినను దోషము లేదని గౌతమధర్మసూత్రము అనుజ్ఞ ఇచ్చినది. గృహస్థు తాను భుజించుటకు ముందు అతిథికి, బాలునికి, రోగికి, గర్భిణికి, వృద్ధునికి పెట్టవలెనని ఆ గ్రంథమే విధించినది. చూడాకర్మను మొదటి యేటనో మూడవ యేటనో చేయవచ్చునని మనుస్మృతి రెండు కాలములు చూపినది. శిశువు స్థితినిబట్టి పెద్దలు ఆగుటకు ఇందు వీలున్నది. శాస్త్రమే ఏడాది రెండేండ్లు ఆగుటకు అంగీకరించినపుడు, ఒక్క దినము ఆగుటకు శాస్త్రభయము అక్కరలేదు.

శాస్త్రముకంటె హృదయమునకు దగ్గరగా పలుకునది పురాణము. శ్రీమద్భాగవత దశమస్కంధమున శకటభంజన ఘట్టము కలదు. చిన్ని కృష్ణుడు బోరగిలబడిన దినము, జన్మనక్షత్రముకూడ కలసి వచ్చుటచే, నందుని ఇంట ఉత్సవము జరిగెను. యశోద బిడ్డకు మంగళస్నానము చేయించి, నిద్రవచ్చినందున ఒక బండి క్రింద పరుండబెట్టి, వచ్చిన బంధువులను ఆదరించుటలో మునిగినది. బిడ్డ మేల్కొని పాలకై ఏడ్చెను. సందడిలో తల్లికి ఆ ఏడుపు వినబడలేదు. బిడ్డ లేత పాదములతో తన్నగా బండి తలక్రిందులయ్యెను, దానిలోని పాత్రలు ముక్కలయ్యెను. బిడ్డయే తన్నినాడని అచ్చటనున్న పిల్లలు చెప్పిరి. పెద్దలు ఆ మాట నమ్మలేదు.

ఈ కథలో అసురసంహారమును మాత్రమే చూచువారు కలరు. కాని కథ మొదటిభాగము ప్రతి ఇంటికిని చెందినది. ఉత్సవము ఎవరికొరకు? ఆ బిడ్డకొరకే. ఆ ఉత్సవములో వినబడనిది ఎవరి ఏడుపు? ఆ బిడ్డదే. యశోద కఠినురాలు కాదు, అజాగ్రత్తపరురాలును కాదు. ఆమె చేయుచున్నవన్నియు మంచిపనులే. మంచిపనుల సందడిలోనే ఆ ఏడుపు మునిగిపోయినది. బిడ్డ పేరిట మ్రొక్కుకొని, బిడ్డతో కొండకు వచ్చి, బిడ్డ జ్వరమును చూడలేని స్థితి ఇట్టిదే.

అదే స్కంధమున వేరొక ప్రయాణమును కలదు. గోకులమున ఉత్పాతములు మిక్కుటము కాగా, పిల్లలకు ఇచ్చట క్షేమము లేదని ఉపనందుడను వృద్ధుడు చెప్పెను. గోపాలురందరు ఆ మాట మన్నించి, వృద్ధులను, బాలురను, స్త్రీలను బండ్లపైనెక్కించి బృందావనమునకు కదలిరి. యశోదయు రోహిణియు బలరామకృష్ణులతో ఒకే బండిలో కూర్చుండి కృష్ణకథలు విని ఆనందించిరి. ఒక పల్లె మొత్తము ఇండ్లు విడచి కదలుటకు కారణము పిల్లల క్షేమము. ఆ ఆలోచన చెప్పినవాడు అందరిలో పెద్దవాడు. పిల్లలను ముందు తలంచుట వయస్సున పెద్దవారికి చిన్నతనము కాదు. అదియే వారి పెద్దరికము.

తిరుమల దారిలోనే దీనికి సాక్ష్యములు కలవు. అలిపిరినుండి 3,500కు పైగా మెట్లెక్కి వచ్చు భక్తులకు మోకాళ్ళ పర్వతము సుపరిచితము. ఈ కొండ సాక్షాత్తు శేషుడేయని భావించి, పాదము మోపుటకు జంకి, భగవద్రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము. ఆ చోటనే బాలుడైన అన్నమయ్య అలసి, ఆకలిగొని, చెప్పులతోనే పడి నిద్రించెనని, అలమేలుమంగమ్మ ముత్తైదువరూపమున వచ్చి, ఇది సాలగ్రామమయమైన కొండ, చెప్పులు విడువుమని మెల్లగా తెలిపి, ప్రసాదము తినిపించెనని ఆయన మనుమడు తాళ్ళపాక చిన్నన్న చరిత్రలో చెప్పినాడు. కొండ ఒకటే, నిటారుమెట్లు అవియే. ఆచార్యుడు తనకు తాను కఠిననియమము విధించుకొన్నాడు. దానిని ఎవరి బిడ్డపైనను విధింపలేదు. బాలుడు నియమము తప్పి పడియుండగా, తల్లి అతనికి దర్శనమునకు ముందే అన్నము పెట్టినది. లోపము దిద్దినది, ఆకలియు తీర్చినది. అలసిన బిడ్డకు తినిపించి పంపినంతమాత్రమున స్వామికి లోటు వచ్చునని ఆ తల్లి తలంపలేదు.

ఇక అనంతాళ్వానుల కథ ఈ ప్రశ్నకు నడిబొడ్డున నిలిచినది. రామానుజుల ఆజ్ఞచే తిరుమలకు వచ్చి, స్వామికి పుష్పకైంకర్యమునకై తోటవేసి, చెరువు త్రవ్విన మహనీయుడాయన. ఆయన గునపముతో త్రవ్వుచుండగా గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఆమె అలసటను చూచి ఒక బాలుడు వచ్చి తట్ట అందుకొనబోయెను. ఆచార్యుడు తమకు విధించిన కైంకర్యమును ఇతరులతో పంచుకొనుట ఆయనకు సమ్మతము కాలేదు, వలదని పంపివేసెను. బాలుడు ఆయన కంటబడకుండ ఆమెకు సాయపడుచునే ఉండెను. అది గ్రహించి కోపించి, ఆయన విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు ఆలయమునకు పరుగెత్తి అదృశ్యుడయ్యెను. గర్భాలయమున స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండుట చూచి అనంతాళ్వానులు తల్లడిల్లి, పచ్చకర్పూరము అద్దిరి. నేటికిని స్వామి చుబుకమున పచ్చకర్పూరము అలంకరింపబడుచున్నది. ఆ గునపము మహాద్వారమున వ్రేలాడుచున్నది.

ఈ కథను భక్తవాత్సల్యమునకు నిదర్శనముగా చెప్పుకొనుట పరిపాటి. ఆ తాత్పర్యము సరియైనదే. కాని ఇందు గృహస్థునకు ఇంకొక పాఠమున్నది. అనంతాళ్వానులు దుర్మార్గులు కారు. వారి కైంకర్యనిష్ఠకు సాటి లేదు. లోపమంతయు ఆ నిష్ఠ గర్భిణి అలసటను చూడనీయకపోవుటలోనే ఉన్నది. ఆమె అలసటను చూచినవాడు స్వామి. తనకై జరుగుచున్న కైంకర్యమును విడచి, ఆ కైంకర్యములో నలుగుచున్న మనిషి ప్రక్కకు ఆయన వచ్చి నిలిచినాడు. స్వామి ఎక్కడనుండునో ఈ కథ తేటగా చూపుచున్నది. కంపార్టుమెంటులో జ్వరముతో తల్లి భుజముపై వ్రాలిన బిడ్డ విషయమునను ఆయన ఏ ప్రక్కనుండునో ఊహించుట కష్టము కాదు.

అట్లయిన బిడ్డ ఏడ్చిన ప్రతిసారియు వ్రతము విడువవలెనా అని ఒకరు అడుగవచ్చును. అక్కరలేదు. బిడ్డ కోరిక వేరు, బిడ్డ అవసరము వేరు. బొమ్మల అంగడి ముందు దొరలి ఏడ్చు బిడ్డను ఓదార్చి తీసికొనిపోవచ్చును. కొంతసేపు ఎదురుచూచుటయు, నలుగురితో సర్దుకొనుటయు బిడ్డ నేర్వదగినవే. యాత్ర ఆ నేర్పునకు తగిన పాఠశాల. కాని జ్వరము, దాహము, భయము, నిద్ర - ఇవి బిడ్డ మారాములు కావు. వీనిని ఓర్పు నేర్పుటకు సాధనములుగా వాడరాదు. ఇంకొక జాగ్రత్తయు వలయును. బిడ్డను ముందుంచుకొని వరుస దాటుటయు, బిడ్డ పేరు చెప్పి తమ బద్ధకమును కప్పుకొనుటయు బిడ్డను సాధనముగా వాడుటయే. మ్రొక్కునకై బిడ్డను శ్రమపెట్టువాడును, సుఖమునకై బిడ్డను నెపము చేయువాడును ఒకే తప్పు చేయుచున్నారు. ఇద్దరును బిడ్డను చూచుటలేదు.

తక్కిన యాత్రికులకును ఇందు ధర్మమున్నది. ఏడ్చు బిడ్డను చూచి "ఇంత చిన్నవాణ్ణి ఎందుకు తెచ్చారు?" అని విసుగుకొనువారు, పక్కకు జరిగి ఆ తల్లి కూర్చుండుటకు జానెడు చోటిచ్చిన, వారి గోవిందనామము మరింత నిండుగా ఉండును.

మ్రొక్కు మాట ఏమగునను భయమునకు శ్రీవైష్ణవ సంప్రదాయము అభయమునే ఇచ్చుచున్నది. శరణాగతికి దేశనియమము, కాలనియమము, ప్రకారనియమము లేవని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున నిర్ణయించిరి. ఎవరిని ఆశ్రయించుచున్నాము అన్నదే అచ్చట ముఖ్యము. ఇంకను మన ఆచార్యులు జీవుని రెండు శిశువులతో పోల్చిరి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును; పిల్లికూన ఏమియు పట్టుకొనదు, తల్లియే నోట కరచుకొని తీసికొనిపోవును. ఏది మేలైన ఉపమానమని తెంగలై వడగలై సంప్రదాయములు శతాబ్దములుగా చర్చించినవి. ఆ చర్చ ఎట్లున్నను, జీవుని స్వరూపము తెలుపుటకు ఇద్దరికిని దొరకిన దృష్టాంతము పసికూనయే. చంకలోని బిడ్డ ఆటపాటలలో కోతిపిల్ల, జ్వరములో పిల్లికూన. ఆ బిడ్డను ఎత్తుకొన్న తల్లి, భగవంతుడు తనను ఎట్లు మోయుచున్నాడో ఎవరును చెప్పకయే నేర్చుకొనుచున్నది.

పదునాలుగవ శతాబ్దమున శ్రీరంగముపై తురుష్కుల దాడి జరిగినపుడు, ఆ పిళ్ళై లోకాచార్యులే నంపెరుమాళ్ళను ఎత్తుకొని దక్షిణమునకు తరలిరి. అదే సమయమున సుదర్శనసూరి తమ శ్రుతప్రకాశికా గ్రంథమును, ఇరువురు బాలకుమారులను వేదాంతదేశికులకు అప్పగించిరని, దేశికులు శవముల నడుమ దాగి వారిని కాపాడి సత్యాగాలమునకు చేర్చిరని సంప్రదాయము చెప్పుచున్నది. తరువాత నంపెరుమాళ్ళు ఊరూరు తిరిగి, తిరుమలలోనే కొంతకాలము పూజలందుకొని, 1371లో తిరిగి శ్రీరంగము చేరిరి. ఆ ఆపదలో ఒక ఆచార్యుడు అర్చామూర్తిని మోసెను, మరియొక ఆచార్యుడు పిల్లలను మోసెను. వీరిలో ఒకరిది గొప్ప కైంకర్యమనియు, వేరొకరిది కొంచెము తక్కువదనియు ఏ వైష్ణవుడును అనజాలడు.

కావున పసిబిడ్డతో యాత్రకు పోవువారు కొన్ని నియమములను తమకు తాము విధించుకొనుట మేలు. మ్రొక్కుకొనునపుడే కష్టభాగమును తన శరీరమునకు పెట్టుకొనవలెను, బిడ్డ శరీరమునకు కాదు. "నేను నడచి వచ్చెదను" అనవచ్చును. "వీనిని నడిపించెదను" అనరాదు. వేసవి సెలవులలోను, గరుడసేవవంటి మహోత్సవ దినములందును రద్దీ మిక్కుటము. వీలున్నవారు రద్దీ తక్కువ దినములను ఎంచుకొనవలెను. కొండదారి మలుపులలో పిల్లలకు వాంతులగుట సహజము గనుక బస్సెక్కుటకు ముందే కడుపునిండ పెట్టరాదు. కాచి చల్లార్చిన నీరు, పెరుగన్నము, మార్చుటకు రెండు జతల బట్టలు చేతిసంచిలోనే ఉండవలెను. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. గుండు చేయించిన లేత తలకు రాత్రి చలిగాలి తగులకుండ టోపీయో తువ్వాలో కప్పవలెను. పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన చీటిని బిడ్డ మెడలోని త్రాటికి కట్టుట మరువరాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి వాతబడి ఒక చిన్నారి ప్రాణము కోల్పోయినది. ఆ తరువాత పిల్లలతో నడచువారికి వేళల కట్టడి విధింపబడినది. అట్టి కట్టడిని భక్తికి అడ్డంకిగా కాక, బిడ్డలకు రక్షగా పాటింపవలెను.

మరల ఆ కంపార్టుమెంటునకు వచ్చినచో, అచ్చట ఎవరును శాస్త్రము చెప్పలేదు. వాదమును పెరగలేదు. పెద్దామె కొంతసేపు గేటువైపే చూచినది. తరువాత మనుమని గుండుపై చేయి వేసినది. గంధము ఎండి పొరలు లేచియున్నది. దాని క్రింద తల నిప్పువలె కాలుచున్నది. అద్దాల పెట్టెలో ఉన్న దినములలో ఆమె ముట్టుకొనలేకపోయిన తల అది. ముట్టుకొనలేకనే గదా ఆ దినమున స్వామికి మ్రొక్కినది!

"పదండి. స్వామి ఎక్కడికీ పోడు" అని ఆమెయే ముందు లేచినది.

అశ్విని ఆసుపత్రిలో వైద్యుడు చూచి, ఎండదెబ్బకు తోడు ఒంటిలో నీరు తగ్గినదని మందిచ్చి, గంటగంటకు కొంచెము కొంచెముగ నీరు పట్టింపుడని చెప్పినాడు. రాత్రి అంతయు తల్లియు తండ్రియు మార్చి మార్చి చెంచాతో పట్టించిరి. తెల్లవారుసరికి జ్వరము జారినది. పిల్లవాడు లేచి పాలడిగినాడు. కోడలు అత్తగారికి ఇడ్లీలు తెచ్చి "మీరు కూడా తినండి అత్తయ్యగారూ" అన్నది. "వాడు తిన్నాడుగా, చాలు. నా మొక్కు నాది" అని ఆమె మజ్జిగ మాత్రము పుచ్చుకొన్నది. ఎవరి తపస్సు వారిదే యని ఆమెకు ఎవరును చెప్పవలసిన పని లేకపోయినది.

ఆ దినమంతయు విశ్రమించి, రాత్రి మరల మొదటినుండి వరుసలో నిలిచిరి. తెల్లవారుజామున మహాద్వారము చేరిరి. తండ్రి భుజముపైనున్న పిల్లవాడు తల పైకెత్తి చూచి వ్రేలు చూపినాడు.

"నాయనమ్మా, అదేంటి?"

"గునపం నాన్నా. స్వామి చిన్నపిల్లవాడై వచ్చినప్పుడు గడ్డానికి తగిలింది."

"ఎవలు కొత్తాలు?"

పెద్దామె ఒక్క క్షణము ఆగినది.

"మంచివాడే నాన్నా. పని తొందరలో చూసుకోలేదు."

"నొప్పా?"

"కర్పూరం అద్దారు. తగ్గిపోయింది."

వరుస కదలినది. బంగారువాకిలి దాటి, జనుల తలలమీదుగా స్వామి దివ్యమంగళవిగ్రహము కనబడినది. చుబుకమున తెల్లని పచ్చకర్పూరము మెరయుచున్నది. పెద్దామెకు కన్నీటితో ఏమియు ఆననే లేదు. పిల్లవాడు మాత్రము రెప్పవేయక చూచి, తన గడ్డమును తాను తడిమి చూచుకొన్నాడు.